బోర్డుల పెయింటరుగారి ఏకాగ్రత

మన బోర్డుల పెయింటరు అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజం ఆయన నోట్లోంచి బయటికొచ్చేసరికి కాస్త లావెక్కుతుంది, అంతే. ఆ రోజు మధ్యాహ్నం తన వదిన టీకొట్టులో మాత్రం దాన్ని మరీ మేపాడు. కారణం ఉంది. కొత్త మార్కెట్ కట్టించిన పెద్దాయన ఎదురుబల్ల మీద కూర్చున్నాడు. మార్కెట్లో నలభై కొట్లు, నలభై బోర్డులు. అవి దక్కితే ఏడాదిపాటు పని కోసం వీధులు తిరగక్కర్లేదు. పక్కబల్ల మీద ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన గ్లాసు పట్టుకుని మర్యాదగా వింటున్నాడు.

"పనికి కావలసింది రంగు కాదండీ, ఏకాగ్రత," అన్నాడు పెయింటరు. "బట్టల కొట్టు బోర్డు రాసేటప్పుడు పొద్దున్న నిచ్చెన ఎక్కినవాణ్ణి మధ్యాహ్నం దాకా తల తిప్పలేదు."

"అన్నం వేళకి దిగే ఉంటావులే," అంది వదిన టీ వడపోస్తూ.

"అన్నం మాట అలా ఉంచు వదినా, పెద్ద గాలొచ్చి నిచ్చెనే పడిపోయింది. నాకు తెలిస్తేగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రష్షు గోడకి ఆనే ఉంది కదా, దాన్నే పట్టుకుని వేలాడుతూ నాలుగక్షరాలు రాసేశాను. కింద జనం ఒకటే అరుపులట, అదీ తర్వాత ఎవరో చెప్తే తెలిసింది."

"మొత్తం ఎన్నాళ్ళు పట్టింది?" అన్నాడు పెద్దాయన.

ఆ ప్రశ్నలో పెయింటరుకి నలభై బోర్డులూ వినిపించాయి.

"రోజులు లెక్కపెట్టేవాడికి ఏకాగ్రత ఎక్కడిదండీ. నేను అక్షరానికి తలకట్టు పెడుతుంటే కాకి నా తలమీద గూడు కట్టింది. కొమ్ము దించేసరికి గుడ్లు పెట్టింది. దీర్ఘం లాగేసరికి పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. ఈలోపు ఆ బట్టలాయనకి వ్యాపారం పెరిగి, నన్ను కదపడం ఇష్టంలేక, నా పైన మరో మూడంతస్తులు లేపాడు. నేను మొదలుపెట్టింది మేడమీది బోర్డు, ముగించింది కింది అంతస్తు బోర్డు."

"తప్పులేం పోలేదా?" అన్నాడు పెద్దాయన.

"ఈ చేత్తో ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం తప్పు పోలేదండీ."

కొత్తాయన గ్లాసు కింద పెట్టాడు. "నేను పళ్ళ డాక్టర్నండీ. నిన్న నేను లేనప్పుడు మా ఆసుపత్రికి బోర్డు రాసి వెళ్ళింది మీరే. 'ఇచ్చట నొప్పి లేకుండా కళ్ళు పీకబడును' అని ఉంది."

పెద్దాయనకి టీ పొలమారింది. వదిన వీపు తట్టాల్సి వచ్చింది. పెయింటరు చెవులు ఎర్రబడ్డాయి, నోరు మాత్రం తగ్గలేదు.

"అంతకుముందు రాసింది కళ్ళజోళ్ళ కొట్టు బోర్డండీ. మనసు అక్కణ్ణుంచి కదల్లేదు. పట్టిందంటే అలా పడుతుంది మరి."

"పొద్దుట్నుంచీ జనం చెంప పట్టుకుని మెట్లదాకా వస్తున్నారు," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "పైకి చూసి, చెంప వదిలేసి పరిగెడుతున్నారు. ఒక్క ముసలావిడ మాత్రం లోపలికి వచ్చింది."

"వచ్చిందిగా మరి," అన్నాడు పెయింటరు, కాస్త తేరుకుని.

"ఆవిడకి చూపు ఆనదు."

పెద్దాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ముందు ఈయన బోర్డు మీద అక్షరం మార్చిరా. ఆపైన నలభై బోర్డులూ నీవే. కాకపోతే ప్రతి మాటా రాసే ముందు మీ వదినకి చదివి వినిపించాలి."

"వింటాను," అంది వదిన. "కానీ ఆ మాటొక్కటే చెప్పి ఊరుకోవాలి."

అదొక్కటే కష్టంగా తోచింది పెయింటరుకి.