నీళ్ళడిగిన పాటగాడు

రేడియోలు, స్పీకర్లు బాగుచేసే మైకు మావయ్య ఇంటి మెట్ల మీద కూర్చుని నోరు విప్పాడంటే విన్నవాళ్ళ చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం టైలర్ వచ్చింది మాత్రం కబుర్లకి కాదు. వాళ్ళమ్మ కోసం ముచ్చటపడి పాటల సెట్టు కొన్నాడు. హాల్లో పెడితే మోత తప్ప మాట తెలియడం లేదని ఆవిడ వినడమే మానేసింది. గది మోతని సరిచేసే డిజిటల్ పెట్టె ఒకటి తెచ్చాడు గానీ, దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియలేదు.

"సరైనవాడి దగ్గరికే వచ్చావురా అల్లుడూ! ప్లేయరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య పెట్టాలి. ఆంప్లిఫయరు దాటాక పెట్టావో, ఆ పవరుకి పెట్టె మాడి మసైపోతుంది. మా ఇంట్లో అలాగే పెట్టా. కుర్చీలో చిన్న మైకు నిలబెట్టి పెట్టెచేత గది మోతని కొలిపించా. మోత హుష్‌కాకి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు.

"తీగ మీద గోరు తగలడం వినపడింది. ఇంకాస్త సరిచేశా. పాడేవాడు గుటక వేయడం వినపడింది. ఊరుకుంటానా, ఇంకాస్త! వాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో తెలిసిపోయింది."

టైలర్ నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా కుడుతున్నా తన చేతిలో ఏ బట్టా అలా పలకలేదు. "ఏ రంగు మావయ్యా?"

"నీలం. గళ్ళది. అది కాదు, అసలు సంగతి విను. చరణం మధ్యలో వాడి గొంతు ఎండిపోయింది పాపం, 'కాసిన్ని నీళ్ళు' అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. గ్లాసు నిండా తెచ్చి రెండు స్పీకర్లకీ మధ్యన పెట్టి, కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నా. పాటయ్యాక కళ్ళు తెరిచి చూద్దును కదా... గ్లాసు ఖాళీ!"

డ్రైవరు చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. టైలర్‌కి ఆశ పుట్టింది. పాటగాడే దిగొచ్చి నీళ్ళు తాగాడంటే, ఇక అమ్మకి మాట వినపడటం ఒక లెక్కా!

"ఆ నీళ్ళు తాగింది నేను," అంటూ అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "ఈయన మోత గోల పడలేక ఇంట్లో ఉన్న పరుపులన్నీ ఈడ్చుకెళ్ళి గది మూలల్లో నిలబెట్టేసరికి ప్రాణం పోయినంత పనైంది. మోత తగ్గిందీ అప్పుడే. ఈయన పెట్టె ఇంకా అట్టడబ్బాలోంచి బయటికే రాలేదు."

మావయ్య టీలో ఏదో పడ్డట్టు కప్పులోకి తేరిపార చూశాడు.

టైలర్ అప్పటికే లేచి చెప్పులు వేసుకున్నాడు.

"అత్తయ్యా, ఒక్కసారి మా ఇంటికి రండి. మా అమ్మ పరుపు ఏ మూల నిలబెట్టాలో మీరే చెప్పాలి."