మడతలో మాయమైన ఇళ్ల వరుస

1988 జూన్ పద్నాలుగున మా భూపటాల కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ప్రవేశించిన మా పెద్దాయన నేడు ఉపప్రధాన పటలేఖకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. గీతలోనూ మాటలోనూ పదునున్న ఆయనను మేము చాటుగా ‘సూదిమొన’ అనుకునేవాళ్లం; అది ఆయనకు మొదటి నుంచీ తెలుసునట. “ఊళ్ల దారులన్నీ గీస్తారు, కూరగాయలకు పంపితే మాత్రం దారి తప్పుతారు” అని వారి శ్రీమతి ఫిర్యాదు.

తొలినాళ్లలో కొండవాలులు, కాలువలు గీసి మన్నన పొందిన ఆయనకు, తరువాత ఒక పురాతన తీరపటాన్ని తిరిగి గీసే బాధ్యత అప్పగించారు. సముద్రపు ఒడ్డున నూలుమిల్లు, దాని చుట్టూ అల్లుకున్న పల్లె అందులో ఉండేవి. ఏళ్ల తరబడి బీరువాలో నలిగిన ఆ కాగితం, మడత అరిగిన చోట సిరా రాలి తెల్లబడింది. ఆ తెలుపును ఖాళీ ఇసుకనేలగా భావించి ఆయన అలాగే గీశారు, అధికారులు సంతకాలు చేశారు, పటం అచ్చయింది.

కొంతకాలానికి మిల్లు యాజమాన్యం ఆ కొత్త పటాన్నే చూపి, ఇసుకనేలగా చూపిన చోట ఉన్న కార్మికుల ఇళ్ల వరుస ఆక్రమణ అని, కూల్చివేయాలని పట్టుబట్టింది. ఆ వరుసలో ఉండే ఒక వృద్ధ కార్మికురాలు మా కార్యాలయానికి వచ్చారు.

“నేను పుట్టిందే ఆ ఇంట్లో నాయనా. మీ కాగితంలో లేదని నన్నిప్పుడు ఎక్కడికి పొమ్మంటారు?”

ఆయన పాత పటాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూశారు. సిరా పోయినా, కలం ఒత్తిన గాడులు ఇంటి పక్కన ఇల్లుగా మడత పొడవునా కనిపించాయి.

“తప్పు నాదేనమ్మా. మీ ఇళ్లు చెరిపింది నేనే” అన్నారు.

అప్పటికే ప్రధాన పటలేఖకుల పదవికి ఆయన పేరు ఖరారై, ఉత్తర్వు వెలువడడమే మిగిలింది. నాటి అధికారి ఆయనను గదిలోకి పిలిచారు.

“ఏరికోరి తలనొప్పి ఎందుకయ్యా? ఉత్తర్వు చేతికొచ్చేదాకా నోరు మెదపకు.”

“అందాకా ఆవిడ ఇల్లు ఆగదు సార్.”

తన పొరపాటేనని పేర్కొంటూ ఆయన సవరణ పటం విడుదల చేయించారు. ఇళ్లు నిలిచాయి, ఉత్తర్వు ఆగిపోయింది. ఆ పదవి, ఆయన దగ్గరే గీత దిద్దుకున్న నాకు దక్కింది. అంతవరకు నన్ను ‘ఏమోయ్’ అని పిలిచిన ఆయన, మరునాటి నుంచి ‘సార్’ అన్నారు. ఆ పిలుపులో ఏనాడూ ముల్లు లేదు. అయినా అది విన్న ప్రతిసారీ నాకు సిగ్గుగానే ఉండేది.

ఈ సాయంత్రంతో ఆ మర్యాదకు గడువు తీరుతుంది. సతీసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో ఆయన చిరకాలం వర్ధిల్లాలనీ, రేపటి నుంచి నన్ను మళ్లీ ‘ఏమోయ్’ అనాలనీ కోరుకుంటున్నాను.