పలకని మెట్టు

ఏంటీ, బాగుచేయించొద్దని ఎందుకంటున్నానా? కూర్చో, చెప్తాను. ఆ పియానో ముందున్న బల్ల మీద కాదు, ఇటు కుర్చీలో కూర్చో, ఆ బల్ల కాలు ఊగుతోంది. పొద్దున ఆ మెకానిక్ పియానో తలుపు ఊడదీసి, లోపలికి టార్చిలైటు వేసి ఏమన్నాడు? 'తీగలు మార్చాలి, రెండు నెలల పని, కానీ కర్ర మంచిది, బాగుపడుతుంది' అన్నాడు. నీ మొహం ఎంత వెలిగిందో చూశాను. నేనేమో 'పాత సామాను ఎందుకమ్మా, తీసేసి కొత్తది తెచ్చుకో' అన్నాను. సొంత అక్క వాయించిన పియానోని ఈ ముసలాడు ఇంత తేలిగ్గా ఎలా వదిలేస్తున్నాడా అనుకున్నావు. అనుకోవా మరి! ఆ తర్వాత అతను ఇంకో మాట అన్నాడు, గుర్తుందా? మధ్యలో ఆ పలకని మెట్టు దగ్గర వేలు పెట్టి, 'ఇక్కడ బంక పోసిందెవడండీ? బుర్ర లేని వడ్రంగి ఎవడో!' అని. నువ్వు నవ్వావు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మా అక్కని నువ్వు చూడలేదు. నువ్వు పుట్టడానికి మూడేళ్ళ ముందే పోయింది. మీ అమ్మకి మేనత్త, ఊరందరికీ టీచరమ్మ. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే 'ఇంత సామాను పెట్టుకున్నాక ఇంట్లో మొగుడికి చోటెక్కడ?' అనేది. ఎక్కడో మూసేసిన బళ్ళోంచి తెచ్చుకుంది దీన్ని. నలుగురు మోశారు. గుమ్మంలో ఇరుక్కుపోతే ద్వారబంధం ఊడదీసింది నేనే. ఆ ద్వారబంధం కర్ర ఉందే, అలాంటి కర్ర ఇప్పుడు... సరే, అది వేరే కథ. నేనప్పుడే వడ్రంగం దుకాణం పెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా ఉండేవాణ్ణి. కనిపించిన ప్రతి కుర్చీకీ ఓ మేకు కొట్టేవాణ్ణి. ఓ రోజు అక్క ఇంట్లో లేదు. ఈ మెట్టు నొక్కితే లోపల టకటకమంటోంది. తగుదునమ్మా అని మూత తీశాను. మెట్టు వెనకాల చిన్న సుత్తి ఉంటుంది కదా, తీగని కొట్టేది, దాని కీలు వదులుగా ఊగుతోంది. మా వడ్రంగంలో ఊగేదేదైనా తప్పేనమ్మా. కుర్చీ ఊగినా బల్ల ఊగినా బంక పోసి బిగించడమే. బిగించేశాను. ఊగితేనే అది పలుకుతుందని నాకేం తెలుసు?

అక్క వచ్చింది, వాయించింది, ఆ మెట్టు దగ్గర ఆగింది. ఇంకోసారి నొక్కింది. నా వైపు చూసింది. నా చేతులకి ఇంకా బంక ఉంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పియానో శ్రుతి చేసే ఆయన వచ్చాడు. అతన్ని ఊళ్ళో రేడియో అనేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు, ఈ ఇంట్లో విన్నది ఆ ఇంట్లో చెప్పందే అన్నం అరగదు. మూత తీయబోతూ 'ఏమైందమ్మా దీనికి?' అన్నాడు. అక్క అడ్డుపడి, 'నా చేతి విసురుకే విరిగిందండీ. ఆ ఒక్కటీ ముట్టుకోకండి, అలాగే ఉండనీండి' అంది. నేనక్కడే, ఇదిగో ఈ గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా కొత్త దుకాణం పరువు కోసం అబద్ధమాడుతోందని తెలుస్తూనే ఉంది. నోరు తెరవలేదమ్మా. వారం తిరక్కుండా ఊరంతా, 'టీచరమ్మకి కోపమెక్కువట, పియానోనే విరగ్గొట్టిందట' అని నవ్వారు. ఆ నవ్వూ విన్నాను. అప్పుడూ తెరవలేదు.

మరి పిల్లలకెలా నేర్పిందంటావా? ఆ మెట్టు వచ్చినప్పుడు నోటితో ఊఁ అనమనేది! మీ అమ్మా అలాగే నేర్చుకుంది. ఓసారి పెద్ద హాల్లో కచేరీ పెట్టారు, అక్కడి పియానో కొత్తది, అన్నీ పలుకుతాయి. అయినా మన పిల్లలు వరసగా ఒక్కొక్కరూ వచ్చి, సరిగ్గా ఆ చోటికి రాగానే ఊఁ! జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. అక్కా నవ్వింది, చప్పట్లు కొట్టింది. నేను బయటికి వెళ్ళిపోయాను. నిన్న దీన్ని వాయిస్తూ అక్కడికి రాగానే నువ్వూ అన్నావు, తెలుసా? ఆమె ముఖమే చూడలేదు నువ్వు, ఆ ఊఁ మాత్రం నీ గొంతులోకి వచ్చేసింది.

ముప్ఫై ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి అడిగింది. అప్పటికే మంచం పట్టింది. 'తీరిక దొరికితే ఆ బంక కాస్త తీసిపెట్టరా' అంది. నేనే తీయాలని అన్నేళ్ళూ ఎదురుచూసిందన్నమాట. 'రేపు చూస్తాలే అక్కా' అన్నాను. ఎన్ని రేపులు గడిచాయో! ఆఖరికి ఉలి పట్టుకుని వెళ్ళేసరికి ఈ గదినిండా చుట్టాలు, పియానో మీద పూలు. మూత తీయలేకపోయాను. ఆ తర్వాత ఎవరినీ తీయనివ్వలేదు. అక్క గుర్తు, ముట్టుకోకండి అనేవాణ్ణి. అక్క గుర్తు కాదమ్మా, నా సిగ్గు. ఇప్పుడు నువ్వు బాగుచేయిస్తానంటే బయటపడిపోతుందని, ఏకంగా పియానోనే పారేయమన్నాను. ఎనభై ఏళ్ళొచ్చి ఇదీ నా బుద్ధి.

ఆ మెకానిక్‌కి ఫోన్ చెయ్యి. కొత్తదొద్దు, ఇదే బాగుచేయమను. ముందు ఆ మెట్టు. అతనొచ్చినప్పుడు నేనిక్కడే కూర్చుంటాను. బుర్ర లేని వడ్రంగి ఎవడని అడుగుతాడు. అడక్కపోయినా చెప్తాను.

ఏయ్, ఏడుపెందుకు? లే. ఆ బల్ల ఇలా తే, కాలు చూస్తాను. రేపు కాదు, ఇప్పుడే తే.