తొమ్మిది తప్పులు

మదనపల్లె కెమెరా క్లబ్బులో ఈ నెల ఫోటోల తప్పొప్పులు చెప్పడం ముగిసింది. స్నేహితుడితో మెట్లు దిగుతున్న స్టూడియో ఆయనకు కడుపు మండిపోతోంది.

"ఇరవై ఏండ్లుగా పెండ్లిండ్లు తీస్తాండాను. నిన్న గాక మొన్న కెమెరా పట్టిన జబీన్ ఫోటోకు అన్ని చప్పట్లా?"

"టమోటా మండీలో ఆ వెలుతురు సూసినావాప్పా?"

"పోయిన నెల అదే మండీ ఫోటోలో తొమ్మిది తప్పులు సూపిస్తిని, అందరి ముందరా! ఇంక క్లబ్బుకు రాదనుకుంటి."

"ఆ తొమ్మిదీ రాసుకునిందప్పా. వారం దినాలు తెల్లార్తో మండీకి పోయి, ఒక్కొక్కటే దిద్దుకునింది."

"అంటే నేను నేర్పిచ్చిందేనా?"

"నువ్వే."



"సరే, నా ఫోటోకు ఏమన్నారు?"

"నీ ఫోటో వచ్చినప్పుడల్లా టీకని లేసిపోతావు కదా! ఇందా ఈ చీటీ, నీ కోసరమని జబీనే రాసిచ్చింది."

"ఎన్ని?"

"పదకొండు."