కిస్ కా కప్తాన్

ఎవరు నేర్పిండ్రంటవా బిడ్డా ఫుట్‌బాల్? యాసీన్. తాండూర్ల అప్పుడు ఆటంటే యాసీనే. నీ కాలేజీకి రాసుకుంటే ఆయన పేరు రాస్కో ప్రియదర్శినీ, నాది వద్దు. నాకు పదిహేడుంటయేమో, ఆయనకు ఇరువై దాటినయి. బండల గనిల పని. మైదానం నిండ బండ పెచ్చులే, ఉత్త కాళ్లతోని ఆడుతుంటిమి, నెత్తురు కారేది. గప్పుడే ఇంగ్రేజోళ్లు పోయిండ్రు. నిజామేమో నాది అలగ్ దేశమంటడు, ఢిల్లోళ్లేమో కాదంటరు. యాసీన్ ఏమన్నడో ఎర్కనా? "అరే చంద్రప్పా, ఇగ మనం షోలాపూరోళ్లతోని ఆడితే పరదేశం మ్యాచేరా! ముందుగాల గా వికారాబాదోళ్లను కొడ్దాం పా." ఏం కొట్టుడు, మూడు గోల్లు తిని వచ్చినం. రైల్ల మేం మొకాలు ఏలాడేసుకుంటె, "దేశం కొత్తది గదా, జర టైం పడ్తది" అని నవ్విపిచ్చిండు. మేమంత ఆయనను కప్తాన్ అంటుంటిమి. వాళ్లమ్మ రజియా గూడ "కప్తాన్ సాబ్, ఖానా ఠండా హోరా" అని బువ్వకు పిలిచేది.

ఆ ఒక్క మాటనే... యాడున్న? ఆఁ, పోలీస్ యాక్షన్. మిల్ట్రీ దిగింది, రజాకార్లను ఏరుతున్నరు. స్టేషన్ కాడ మొగోళ్లను వరుసకు కూసోవెట్టిండ్రు. పది దినాల సంది యాసీన్ అయిపు లేడు, ఉన్నడో సచ్చిండో అని నాకు ఒకటే ఫికర్. ఆ వరుసల కనవడ్డడు. పానం లేసొచ్చినట్లయి "కప్తాన్!" అని మొత్తుకున్న. రజాకార్ల కప్తాననుకోని సిపాయి గిర్రున తిరిగిండు. "కిస్ కా కప్తాన్?" యాసీన్ నా దిక్కు చూసిండు. ఫుట్‌బాల్ కా అని నేనంటె అయిపోవు, రెండే మాటలు. నేను ఉర్దూల సదివినోన్నే గదా, తిట్లు గూడ ఉర్దూలనే తిడ్తుంటి. గని ఆ పొద్దు ఉర్దూ మాట్లాడితే నన్నూ ఆయన మందిల కలుపుతరని భయం. "నాకేం దెల్వద్ సారూ" అన్న, తెలుగుల. ఆయన చెప్పుకుండు, ఆట, ఆట అని చేతులు గూడ ఊపిండు. ఆయన మాట ఎవలింటరు? నా మాట ఇందురు బిడ్డా. నాదైతే ఇందురు. లారీ ఎక్కించి తీస్కపోయిండ్రు.

పద్నాలుగు నెలలకు ఇడిసిపెట్టిండ్రు. కుంటుకుంట మా ఇంటికే వచ్చిండు. అప్పటికి టీముకు నేను కప్తాన్, సిగ్గు లేకుంట. తలుపెనక నిలవడ్డ. నేను చెప్పమన్నట్లే మా అవ్వ "ఊర్లె లేడు కొడుకా" అన్నది. ఆయన "అవ్వా, వస్తె చెప్పు, నాకు కోపం లేదని. భయపడ్డడు, అంతే గదా" అన్నడు. తలుపు సందులకెల్లి ఆయన కాళ్లు కనవడ్తున్నయి. నేను బయటికి పోలే. తెల్లారి గుల్బర్గ పోయిండు, మేనమామల కాడికి. ఆడనే కాలం చేసిండట.

తిట్టినా బాగుండు. రెండు దెబ్బలు కొట్టినా...

నాగవ్వా! ఓ కోడలా! మొగులు వట్టింది, కందులు లోపల వొయ్యి.