రాయక్కర్లేని పరీక్ష

ఎడిన్‌బరో బీమా ఆఫీసులో ఆ వేళ సగం కుర్చీలు ఖాళీ. కుర్రకారంతా బీమా లెక్కలు కట్టే యాక్చువరీ పరీక్షకి పోయారు. కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే టీ తాగుతుంటే పై ఆఫీసరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“యాక్చువరీల సంఘంలో విద్యార్థి సభ్యత్వం వచ్చిందిగా, మినహాయింపులు అడగలేదేమ్మా? నీ డిగ్రీకి సగం పేపర్లు రాయక్కర్లేదు.”

“అడగనండి. వచ్చేసారి నేనూ రాస్తాను.”

“పిచ్చా నీకు? ఒక్క పేపరు గట్టెక్కలేక మన లాక్లన్ ఏళ్లతరబడి తల బాదుకుంటున్నాడు!”

“పరీక్షవగానే అందరూ పబ్బులో ఆ లాక్లన్ చుట్టూ చేరి, పేపరు దిద్దేవాళ్లని తిట్టుకుంటారండి. నేనెళ్తే ‘నీకేం, పరీక్షలక్కర్లేని మహారాణివి’ అని మాట మార్చేస్తారు.”

“రాసి, తప్పితే?”

“తప్పితే మరీ మంచిదండి. కాస్త జరిగి చోటిస్తారు.”