నాన్న తోలని బస్సు

ఉతకడానికి తీసిన భర్త డ్రైవరు చొక్కా జేబులో దొరికిన బస్సు టికెట్లను ఆమె అతని ముందు పెట్టింది.

“మీ బస్సులో మనకి ఊరికే సీట్లిస్తానని ఓనరు అన్నాడుగా. వేరే బస్సుకి డబ్బులెందుకు తగలేశారు?”

“అందులో ఏసీ బాగుంటుంది.”

“ఎండాకాలం సముద్రం చూద్దామని ఏడాదంతా నోరు కట్టుకుని దాచాం. పాప కూడా తన పుట్టినరోజు డబ్బులు మనం దాచే డబ్బాలోనే వేసింది. నిజం చెప్పండి.”

“మా బస్సులో నన్ను ‘ఒరేయ్, ఆపరా’ అంటారు. వాళ్ల పిల్లలు వాంతి చేసుకుంటే తుడవమంటారు. నవ్వుతూ తుడుస్తాను. పాప అది చూడకూడదు.”

“మొన్న మీరు క్యారేజీ మర్చిపోతే పాపకిచ్చి బస్టాండుకి పంపాను. బస్సు వెళ్లిపోయిందని క్యారేజీతోనే తిరిగొచ్చింది.”

“ఆ రోజా? ఆ రోజు బస్సు మధ్యాహ్నం దాకా కదల్లేదే. టైరు చూసుకోలేదని ఓనరు అందరి ముందూ నన్ను…”

అతను టికెట్లు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె చొక్కా మడతపెట్టింది, అది ఇంకా ఉతకనేలేదు.

“ఎప్పుడు వేసింది పాప, డబ్బాలో ఆ డబ్బులు?” అడిగాడతను.

“ఆ సాయంత్రమే. నాన్న తోలని బస్సులో వెళ్దామమ్మా అంది. ఎందుకని నేనడగలేదు.”